ఐదోవాడు, ఆరోవాడు

నవంబరు మొదటి శనివారం, పొద్దున్న ఏడున్నర. ఒకటో నంబరు సబ్‌వే రైలు ఆఖరి స్టేషన్‌లో ఆగింది. 242వ వీధి. తలుపులు తెరుచుకోగానే చలి ముఖాన కొట్టింది. బోగీలో ఉన్నవాళ్లంతా దాదాపు నీ ఈడువాళ్లే. ట్రాక్ ప్యాంట్లు, వీపున సంచులు, సంచులకు లేసులతో కట్టిన స్పైక్స్ బూట్లు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. పక్కవాడి జాకెట్ మీద ఏ స్కూలు పేరుందో అందరూ ఓరకంట చూసుకుంటున్నారు.

నీకు పదహారేళ్లు. క్వీన్స్‌లో ఇంకా చీకటుండగానే లేచావు. అమ్మ పెట్టిన రెండు ఇడ్లీలు తిని, ఏడో నంబరు రైల్లో టైమ్స్ స్క్వేర్ దాకా, అక్కడ రైలు మారి బ్రాంక్స్ కొస దాకా వచ్చావు. సంచిలో ఒక అరటిపండు, నీళ్ల సీసా, డబ్బా నిండా పులిహోర ఉన్నాయి. పులిహోర మాత్రం గీత దాటాకే ముట్టుకోవాలని కోచ్ ఆజ్ఞ.

మెట్లు దిగి బ్రాడ్‌వే దాటితే వ్యాన్ కోర్ట్‌లాండ్ పార్కు. మంచుతో తడిసిన పచ్చిక మైదానం, దాని వెనక రంగు మారిన అడవి. నూరేళ్లకు పైగా న్యూయార్క్ కుర్రాళ్లు ఇక్కడ క్రాస్ కంట్రీ పరిగెడుతున్నారు. ఈ మైదానాన్ని పరేడ్ గ్రౌండ్ అంటారు. ఒకప్పుడు నేషనల్ గార్డ్ సైనికులు కవాతు చేసిన నేల. అయితే నాన్నకు ఇది క్రికెట్ గ్రౌండ్. వేసవి వచ్చిందంటే దీని నిండా పిచ్‌లే. గయానా వాళ్లు, జమైకా వాళ్లు, పంజాబీలు, బెంగాలీలు, మనవాళ్లు ఎవరి మూల వాళ్లు పట్టుకుంటారు. ఒక ఆదివారం నాన్న బంతిని వదిలేసి తిట్లు తిన్న చోటనే ఇవాళ సున్నంతో తెల్లగీత గీశారు. మీ లీగ్ ఛాంపియన్‌షిప్ అక్కణ్ణుంచే మొదలవుతుంది.

రెండున్నర మైళ్ల దారి, అంటే నాలుగు కిలోమీటర్లు. మన ఊళ్లలో పోలీసు కానిస్టేబుల్ ఎంపికకు పరిగెత్తే 1600 మీటర్లను రెండున్నరసార్లు పరిగెత్తినట్టు. కాకపోతే ఇక్కడ నేల చదునుగా ఉండదు, సగం దారిలో చెట్లు తప్ప చూసే మనిషి ఉండడు.

గుడారం కింద మీ జట్టు ఏడుగురూ చేరారు. కోచ్ చేతిలో క్లిప్‌బోర్డు ఉంది కానీ ఆవిడ దాని వంక చూడటం లేదు. అందరికీ తెలిసిన లెక్కనే మళ్లీ చెబుతోంది. స్కూలుకు ఏడుగురు. గీత దాటిన వరసే పాయింటు. మొదటివాడికి 1, పదోవాడికి 10, యాభయ్యోవాడికి 50. జట్టులో ముందొచ్చిన ఐదుగురి పాయింట్లు కూడతారు. ఎవరి మొత్తం తక్కువైతే కప్పు వాళ్లది. ఒకే స్కూలు మొదటి ఐదు స్థానాలూ పట్టేస్తే 15. అంతకన్నా మంచి స్కోరు లేదు. ఆరోవాడివీ ఏడోవాడివీ కూడరు. అయినా వాళ్లు ఊరికే పరిగెత్తరు. అవతలి జట్టు ఐదోవాడి కంటే ముందొస్తే వాడి స్థానాన్ని ఒక్కో మెట్టు కిందికి నెడతారు.

నువ్వు ఐదోవాడివి. ఈ సీజన్ అంతా ఐదోవాడివే.

"మన కెప్టెన్ ఆరో స్థానంలో ఉన్నాడనుకోండి," అంది కోచ్. "ప్రాణం పెట్టి ఇంకొకణ్ణి దాటితే మనకు ఒక పాయింటు మిగులుతుంది. కానీ అక్కడ మనుషులు పలచగా ఉంటారు. ముందున్నవాడు యాభై గజాల దూరంలో ఉంటాడు. నలభయ్యో స్థానం దగ్గర అలా కాదు. పది సెకన్ల లోపల పన్నెండుమంది ఉంటారు. అక్కడ ఒక్క క్షణం కునికితే పన్నెండు పాయింట్లు పోతాయి. ఒక్క క్షణం పట్టుకుంటే పన్నెండు వస్తాయి." ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ కెప్టెన్ వంక చూడలేదు. నీ వంక చూసింది. తర్వాత నీ పక్కనున్న ఆరోవాడి వంక చూసింది.

ఆరోవాడు తొమ్మిదో క్లాసు. సెప్టెంబరులో జట్టులో చేరినప్పుడు బాస్కెట్‌బాల్ బూట్లతో వచ్చాడు. పరిగెత్తేటప్పుడు వాడి ఊపిరి చాలా దూరం వినబడుతుంది. ప్రాక్టీసులో ఆ చప్పుడు వీపు వెనక ఉంటే నీకు చిరాకు. కోచ్ మాత్రం వాణ్ణి నీ వెనకే పరిగెత్తమంటుంది. "వాడి వీపు వదలకు. వాడు చచ్చినా వదలకు." ఆ మాటతో వాడికి దారి దొరికింది, నీకు తప్పించుకునే దారి లేకుండా పోయింది.

మీరు ఓడించాల్సింది నీలం జెర్సీల స్కూలును. వాళ్లకు మెరుపుల్లాంటి ఇద్దరున్నారు. మొదటి పదిలో ఇద్దరూ ఉంటారని అందరికీ తెలుసు. మీకు అలాంటివాడు ఒక్కడే. మిగతా లెక్క వెనక తేలాలి.

ఒళ్లు వేడెక్కడానికి నెమ్మదిగా ఒక మైలు పరిగెత్తారు. పరుగుదారి మొదట్లో కంచు కుందేలు, కంచు తాబేలు ఉన్నాయి. పోటీకి ముందు మీరు తాబేలు వీపు తడిమారు. చిన్నప్పుడు అమ్మ చెప్పిన కథలో కుందేలు నిద్రపోయింది. ఇక్కడి కుందేళ్లు నిద్రపోవు. ఈ ఆట పుట్టిందే ఇంగ్లండు బడిపిల్లల కుందేలు వేటలోంచి. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు కుందేళ్లయి కాగితం ముక్కలు జల్లుకుంటూ పొలాలకు అడ్డంపడి పరిగెత్తేవారు. మిగిలినవాళ్లు వేటకుక్కలై ఆ ముక్కల జాడ పట్టుకుని తరిమేవారు. రగ్బీ స్కూలులో ఆ ఆట ఎలా సాగేదో థామస్ హ్యూస్ 1857లో రాసిన నవలలో ఉంటుంది. ఇప్పుడు కాగితం ముక్కలు లేవు. తరమడం మాత్రం అలాగే ఉంది.

స్పైక్స్ వేసుకుని లేసులకు రెండు ముళ్లు వేశావు. చొక్కా మీద నంబరు బిళ్లకు నాలుగు పిన్నీసులు. వేళ్లు చలికి కొంకర్లు పోయి మూడో పిన్నీసు ఎక్కడం లేదు. ఆరోవాడు వచ్చి పెట్టాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు.

"జెర్సీలు!" అని అరిచాడు రిఫరీ. అంటే ఒంటి మీది జాకెట్లూ ప్యాంట్లూ తీసేయాలి. చలి తొడలను పట్టుకుంది. గీత పొడవునా స్కూలుకొకటి చొప్పున గళ్లు గీశారు. మీ గడిలో కెప్టెన్, రెండోవాడు ముందు నిలబడ్డారు, మిగతావాళ్లు వాళ్ల వెనక. నీ ముందు రెండోవాడి మెడ మీద చెమట అప్పుడే ఆవిరవుతోంది. ఎవరో తుమ్మారు. ఎవరో శిలువ గుర్తు వేసుకున్నారు. నువ్వు లోపలే "ఆంజనేయా" అనుకున్నావు.

రిఫరీ చెయ్యి లేచింది. గీత మీద ఉన్న రెండు వందలకు పైగా కుర్రాళ్ల మోకాళ్లు ఒకేసారి వంగాయి.

గన్ పేలింది.

మొదట వినిపించేది అరుపులు కాదు, నేల. వందల కాళ్ల కింద పచ్చిక అదురుతున్న చప్పుడు. భుజాలు భుజాలకు తగులుతున్నాయి. ఎవరి మోచెయ్యో నీ పక్కటెముకలో దిగింది. ముందువాడి స్పైక్స్ లేపిన బురద పెదవి మీద పడింది. మొదటి వంద మీటర్లలో ఎవరైనా ఇంకొకరికి తగిలి పడితే గన్ మళ్లీ పేల్చి అందర్నీ వెనక్కి పిలుస్తారు. ఎవరూ పడలేదు. ఇక వెనక్కి పిలవరు.

ఒళ్లు తేలిగ్గా ఉంది. ఈ తేలికను నమ్మకూడదని తెలుసు. మొదటి నిమిషంలో గుండెలో పొంగేదంతా అప్పు, వడ్డీతో సహా కొండల్లో కట్టాలి. అలాగని వెనకబడి పొదుపు చేద్దామంటే కుదరదు. ముప్పావు మైలు దాటాక ఈ విశాలమైన మైదానం అయిపోయి ఆవుల దారి మొదలవుతుంది. అది ఇరుకు దారి. అక్కడికి ఎన్నోవాడివిగా చేరితే చాలాసేపు అన్నోవాడివిగానే ఉండిపోతావు. అందుకే అందరూ స్తోమతకు మించి పరిగెడుతున్నారు. అందరూ తప్పు చేస్తున్నప్పుడు నువ్వొక్కడివీ ఒప్పు చేస్తే వందో స్థానంలో ఉంటావు.

మైదానం అంచున వంపు తిరిగారు. తాడు అవతల అమ్మానాన్నలు, ముందు పోటీలు అయిపోయిన అమ్మాయిలు, గుడారాల దగ్గర కుక్కలు. ఎవరో స్టాప్‌వాచ్ చూసి సెకన్లు అరుస్తున్నారు. అందులో నీ చెవికి ఒక్కటే అరుపు తెలుస్తుంది.

"తగ్గమాక! తగ్గమాక!"

నాన్న. గుంటూరు వదిలి ఇరవై ఏళ్లు దాటినా ఆ మాట వదల్లేదు. ఆఫీసులో, బ్యాంకులో, నీ టీచర్ల ముందు ఆయన ఇంగ్లీషు ఒద్దికగా ఉంటుంది. ఇక్కడ తాడు పట్టుకుని పేటలో కోడిపందెం చూస్తున్నంత గట్టిగా అరుస్తున్నాడు. ఆరోవాడికి ఆ మాట అర్థం తెలియదు. కానీ సీజన్ అంతా విని విని, ప్రాక్టీసులో వాడు కూడా నీ వెనక నుంచి "తగ్గమాకా" అంటుంటాడు.

ఆవుల దారి వచ్చేసింది.

పెళ్లిలో రెండో బంతికి హాలు తలుపు తీసినప్పటి తోపులాట ఇక్కడ కనిపిస్తుంది. అందరికీ చోటు కావాలి, తలుపు ఒక్కటే. ఎడమవైపు ఒకణ్ణి రాసుకుంటూ నువ్వు లోపలికి దూరావు. వెనక ఎవరో బూతు మాట అన్నారు. ఆ వెనుక పరిచయమైన ఊపిరి చప్పుడు వినబడింది. ఆరోవాడు కూడా దూరాడు.

లోపల వెలుగు మారిపోయింది. తలపైన ఓక్ చెట్లు, సగం ఆకులు కొమ్మల మీద, సగం కాళ్ల కింద. తడి ఆకుల వాసన, బురద వాసన, ముందున్న ఇరవైమంది చెమట వాసన. ఇక్కడ ఎవరినీ దాటే వీల్లేదు. చూసేది ఒక్కటే, ముందువాడి మడమలు. అవి ఎక్కడ పడితే నీ కాళ్లు అక్కడ పడాలి. ఆకుల కింద వేరు ఉందో రాయి ఉందో కళ్లకు తెలియదు, ముందువాడి అడుగు తడబడితే తెలుస్తుంది.

చెట్ల వెనక వాల్ట్ హిల్ ఉంది. ఈ భూమి ఒకప్పుడు వ్యాన్ కోర్ట్‌లాండ్ కుటుంబానిది. ఆ కొండ మీదే వాళ్ల సమాధుల గది. 1776లో బ్రిటిష్ సేనలు వస్తున్నాయని తెలిసి న్యూయార్క్ నగరపు దస్తావేజులన్నీ ఆ సమాధుల మధ్య దాచారు. కాలేజీ వాళ్ల పొడవు పరుగు ఆ కొండ మీది నుంచే పోతుంది. దాన్ని వాళ్లు శ్మశానం గుట్ట అంటారు. ఇవాళ మీ దారి దాని పక్క నుంచే పోతుంది కాబట్టి బతికిపోయావు. ఆ ఊరట ఎంతోసేపు నిలవదు. దారి మెల్లగా పైకి లేవడం మొదలుపెట్టింది.

చెట్ల మధ్య ఒక్కసారి ఆకాశం తెరుచుకుంది. వంతెన. కింద హెన్రీ హడ్సన్ పార్క్‌వే. 1930లలో ఆ రోడ్డును పార్కు మధ్యగా కోసుకుంటూ వేశారు. అందుకే అడవి రెండు ముక్కలైంది, ఆ ముక్కలను కలిపేది ఈ ఇరుకు వంతెన. స్పైక్స్ మేకులు గట్టి నేల మీద టకటకమంటున్నాయి. కింద కార్లు తమ దారిన తాము పోతున్నాయి. తలపైన ఛాంపియన్‌షిప్ జరుగుతోందని డ్రైవర్లలో ఒక్కరికీ తెలియదు.

వంతెన దాటితే 'వెనక కొండలు' అనే గుట్టలు. అసలు పోటీ ఇక్కడ మొదలవుతుంది.

మొదటి ఎక్కుడు నిటారుగా ఉంది. మైదానం మీద అప్పు చేసినవాళ్లంతా వడ్డీ కట్టడం మొదలుపెట్టారు. ముందున్న పొడుగువాడి భుజాలు చెవుల దాకా లేచాయి. ఇంకొకడి చేతులు అడ్డంగా ఊగుతున్నాయి. నీకూ పిక్కలు బిగుసుకుంటున్నాయి. నోట్లో తుప్పు రుచి. ఊపిరి పీల్చిన కొద్దీ చాలడం లేదు. అయినా కోచ్ నేర్పిన పని చేస్తున్నావు. కొండ కొసకేసి చూడటం లేదు. అడుగులు పొట్టి చేసి, చేతులు వెనక్కి గుంజి, ముందువాడి వీపు మీది నంబరు చదువుతున్నావు. ఆ నంబరు దగ్గరయింది. పక్కకు వచ్చింది. వెనక్కి పోయింది.

ఒకటి.

ఇక్కడ తాళ్లు లేవు. అమ్మానాన్నలు లేరు. మలుపు దగ్గర ఒక రేంజరు చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు, అంతే. కెప్టెన్ ఎక్కడున్నాడో కనిపించడు. రెండోవాడు, మూడోవాడు ఏమయ్యారో తెలియదు. మలుపు తిరిగినప్పుడల్లా నాలుగోవాడి ఎర్ర జెర్సీ మాత్రం చెట్ల మధ్య ఒక్క క్షణం మెరిసి మాయమవుతోంది. ఇక్కడ నువ్వు కొంచెం తగ్గినా అడిగేవాడు లేడు. కాలి కింద రాయి తగిలిందని చెప్పొచ్చు. డొక్కలో పోటు వచ్చిందని చెప్పొచ్చు. నిజంగానే వస్తోంది, కుడివైపు, పక్కటెముకల కింద. నలభై చిల్లర స్థానంలో ఉన్నవాడు నలభై ఆరైతే ఎవరికి పడుతుంది? పేపర్లో రాయరు, ఫొటో తీయరు.

ఈ ఆలోచన నీ ఒక్కడిదే కాదు. నీ ముందున్నవాడికీ ఇదే వచ్చింది. అతని అడుగు చూస్తే తెలుస్తోంది. ఎక్కుడు అయిపోయిన చోట అతను ఒక్క గుటక ఊపిరి కోసం తగ్గాడు. కొండ ఎక్కాక అందరూ తగ్గుతారు. అందుకే కొండ ఎక్కాక ఇరవై అడుగులు మాత్రం తగ్గొద్దని కోచ్ సీజన్ అంతా చెప్పింది. ఇరవై అడుగులు. లెక్కపెట్టావు. పద్నాలుగో అడుగులో అతణ్ణి దాటావు.

రెండు.

వెనక ఊపిరి అలాగే వినబడుతోంది. వాడు కూడా ఆ ఇరవై అడుగులు వేశాడు. ప్రాక్టీసులో నీకు చిరాకు పుట్టించిన ఆ చప్పుడు ఇప్పుడు ఒక్కటే ఆసరా. ఈ అడవిలో నువ్వేం చేస్తున్నావో చూస్తున్న మనిషి వాడొక్కడే. నువ్వు తగ్గితే వాడూ తగ్గుతాడు. వాడు తగ్గడం లేదు కాబట్టి నువ్వు తగ్గలేవు.

దారి దిగింది, మళ్లీ లేచింది, మళ్లీ దిగింది. దిగేటప్పుడు కాళ్లకు బ్రేకు వేయకూడదు. మనిషి ముందుకు వాలాలి, పడిపోతానేమోనన్న భయాన్ని కాళ్లే చూసుకోవాలి. ఒక వేరు మీద స్పైక్స్ జారాయి. చెయ్యి నేలకు తగిలింది, లేచింది. మూడు. నాలుగు. ఒకడు పక్కకు తప్పుకుని నడుం పట్టుకుని నడుస్తున్నాడు. వాణ్ణి లెక్కలో వేసుకోవాలా వద్దా అని ఆలోచించేలోపు ఐదైంది. నిన్ను ఒకడు దాటాడు, మళ్లీ నాలుగు.

వంతెన మళ్లీ వచ్చింది. ఈసారి అటు నుంచి ఇటు. కార్ల హోరు. దాని వెనక ఇంకో హోరు, జనం అరుపులు. ఇంకా ఎంతో దూరం లేదు.

దిగుడు దిగి చెట్లు దాటి మైదానంలో పడేసరికి వెలుగుకు కళ్లు చెదిరాయి. ముందు పచ్చిక, పొడవాటి తిన్నని దారి. పక్కన బ్రాడ్‌వే మీద బస్సు పోతోంది. ఎక్కడో దూరంగా ముగింపు గీత, దాని పైన గడియారం. అంకెలు ఇంకా చదవడానికి వీల్లేదు. ఈ తిన్నని దారి ఎంతకీ తరగదని ఇక్కడ పరిగెత్తిన ప్రతివాడికీ తెలుసు. కనిపించేదంతా దగ్గరే అనిపిస్తుంది, కాళ్లకు మాత్రం దగ్గరవదు.

ముప్పై గజాల ముందు నీలం జెర్సీ. వాళ్ల ఐదోవాడు.

నువ్వు ఏమీ ఆలోచించలేదు. తొడలు మండుతున్నాయి, మండనిచ్చావు. డొక్కలో పోటును పిడికిలితో నొక్కి వదిలేశావు. ఇరవై ఐదు గజాలు. అతనికీ జనం అరుపుల వల్ల తెలిసింది, వెనక్కి తిరిగి చూశాడు. తిరిగి చూసినవాడు ఓడిపోతాడని అంటారు. అది నిజం కాదు. తిరిగి చూసి నిన్ను గుర్తుపట్టి ఇంకా వేగం పెంచాడు. పదిహేను గజాలు. తాడు పక్కన కోచ్ కెప్టెన్ పేరు అరవడం లేదు. అతను ఎప్పుడో గీత దాటేశాడు. నీ పేరు అరుస్తోంది. నీ పేరు తర్వాత ఆరోవాడి పేరు.

"తగ్గమాకరా నాన్నా! తగ్గమాక!"

ఐదు గజాలు. నీలం జెర్సీ మీద ఉప్పు చారలు కనిపిస్తున్నాయి. గడియారం మీద 13 దాటి 14 పడింది. నీలంవాడి భుజం పక్కకు వచ్చావు. ఇద్దరి మోచేతులూ తగిలాయి. గీతకు ఇరవై అడుగులు. కొండ మీద లెక్కపెట్టిన ఇరవైనే మళ్లీ లెక్కపెట్టావు.

ఛాతీ ముందుకు తోశావు. దాటావు.

దాటిన మరుక్షణం కుడివైపు నుంచి ఎవడో నీ మీదికి వచ్చి పడ్డాడు. ఇద్దరూ గడ్డి మీద బోర్లాపడ్డారు. ఆ ఊపిరి చప్పుడును బట్టి ఎవడో చూడక్కర్లేదు.

తాళ్ల మధ్య వరసలో నిలబెట్టి నడిపించారు. ముందు నువ్వు, నీ వెనక ఆరోవాడు, వాడి వెనక నీలం జెర్సీ. వరస దాటగానే ఆరోవాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చెట్ల వైపు పరిగెత్తాడు. ఇందాకటి రెండున్నర మైళ్లలో ఎక్కడా చూపించనంత వేగం చూపించాడు.

గుడారం దగ్గర నాన్న నీకు జాకెట్ కప్పాడు. నీ ముఖం తుడిచి, నీళ్ల సీసా మూత తీసి ఇచ్చి, అప్పటిదాకా ఆపుకున్న ప్రశ్న అడిగాడు.

"ఎన్నోవాడివిరా?"

"నలభై ఒకటి నాన్నా. జట్టు లేకుండా ఒంటరిగా వచ్చినవాళ్లను తీసేస్తే."

నాన్న ఏమీ అనలేదు. ఆయన ఎంసెట్ రాసిన మనిషి. ఫలితాల రోజు టీవీలో ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు అని హోరెత్తించే కాలేజీ ప్రకటనలు విన్న ఇంటి మనిషి. నలభై ఒకటి అనే అంకెను ఏ ముఖంతో వినాలో ఆయనకు తెలియడం లేదు. "బానే పరిగెత్తావులే," అన్నాడు చివరికి, ఓదార్పుగా.

కోచ్ క్లిప్‌బోర్డు మీద రాస్తోంది. ఏడుగురిలో ఆరుగురు ఆవిడ చుట్టూ మూగారు. మీ వాళ్లు 6, 14, 19, 33, నువ్వు 41. నాన్న పెదవులు కదిలాయి. ఆయన లెక్కల్లో గట్టివాడు. "నూట పదమూడు," అన్నాడు ఆవిడకంటే ముందే.

నీలం జట్టు 2, 9, 25, 34, 43.

నాన్న మళ్లీ కూడాడు. ఆగి, ఫోన్ తీసి క్యాలిక్యులేటర్‌లో కూడాడు. "ఇదీ నూట పదమూడే!"

నీలం గుడారంలో కూడా అందరూ కాగితం మీదికి వంగి ఉన్నారు. సమానంగా వస్తే ఏం చేస్తారో కెప్టెన్‌కు తెలుసు, నీకు తెలుసు. నాన్నకే తెలియదు. అప్పటిదాకా లెక్కలో లేనివాణ్ణి పిలుస్తారు. రెండు జట్ల ఆరోవాళ్లలో ఎవరు ముందొస్తే ఆ జట్టే గెలిచినట్టు. నీలం జట్టు ఆరోవాడు 58. మీ ఆరోవాడు 42.

కోచ్ క్లిప్‌బోర్డును గడ్డి మీదికి విసిరేసి రెండు చేతులూ పైకెత్తింది. మూడోవాడు, నాలుగోవాడు ఒకరినొకరు గుద్దుకుంటున్నారు. కెప్టెన్ నేల మీద కూర్చుని ముఖం మోకాళ్లలో దాచుకుని నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియడం లేదు.

నాన్న మాత్రం ఇంకా ఫోన్ చూస్తున్నాడు. "ఆగండాగండి. నీ వెనక, వాళ్ల ఐదోవాడి ముందు ఆ పిల్లవాడు వచ్చాడా?"

"అవును."

"వాడు రాకపోతే వాళ్ల ఐదోవాడు నలభై మూడు కాదు, నలభై రెండు. వాళ్ల మొత్తం నూట పన్నెండు. అసలు సమానమే అయ్యేది కాదు. ఒక్క పాయింటుతో వాళ్లు గెలిచేవాళ్లు." నాన్న కళ్లజోడు తీసి తుడిచాడు. "ముందు వాడు ఓటమి తప్పించాడు, మళ్లీ వాడే గెలిపించాడు. మరి వాడికి ఎన్ని పాయింట్లు?"

"ఆరోవాడికి పాయింట్లు ఉండవు నాన్నా. వాడివి కూడరు."

"ఇదేం లెక్కరా!" అన్నాడు నాన్న. కాసేపు ఆగి తనే నవ్వాడు. "లెక్క బాగానే ఉంది. మాకెవరూ ఇలా చెప్పలేదు."

ఆరోవాడు చెట్ల వెనక నుంచి మూతి తుడుచుకుంటూ వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. అందరూ తనవైపే పరిగెత్తి రావడం చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. కెప్టెన్ వాణ్ణి భుజం మీదికి ఎత్తుకున్నాడు. "దించు, మళ్లీ వస్తుంది," అని వాడు మొత్తుకున్నాడు. దించి, కోచ్ వాడికి అంకెలన్నీ వరసగా చదివి వినిపించింది. వాడికి ఒకటికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. "నాది లెక్కలోకి రాదు కదా?" అని వాడు రెండుసార్లూ అడిగాడు.

నాన్న నీ సంచిలోంచి పులిహోర డబ్బా తీసి మూతలో నిండుగా వేసి వాడి చేతికిచ్చాడు, నీకు పెట్టకుండానే. "కారం తక్కువే," అన్నాడు ఇంగ్లీషులో. అది అబద్ధం. వాడు ఒక ముద్ద తిని కళ్లు పెద్దవి చేశాడు, ఇంకో ముద్ద తిన్నాడు. మూత ఖాళీ చేసి నీ పక్కన గడ్డి మీద కూలబడ్డాడు. వాడి ఊపిరి ఇప్పటికి అందరి ఊపిరిలాగే నెమ్మదించింది.

"వచ్చే ఏడు ఐదోవాణ్ణి నేనే," అన్నాడు వాడు నీ వంక చూడకుండా, స్పైక్స్ లేసులు విప్పుకుంటూ.

"చూద్దాం," అన్నావు. వాడు సరిగ్గా ఎన్ని అడుగుల వెనక గీత దాటాడో అప్పటికే కోచ్‌ను అడిగి తెలుసుకున్నావు.